పగటి కునుకులో వచ్చిన కల నిజమవుతుందా?

మీలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం భోజనం చేసి, పుస్తకం పట్టుకుని చాప మీద వాలతారు. నాలుగు పంక్తులు చదివారో లేదో కళ్ళు మూతలు పడతాయి. అంతలోనే ఎంత పెద్ద కల! ఊరికి ప్రయాణం, రైలు, చుట్టాలు, పెళ్ళి, ఆ పెళ్ళిలో ఎవరో పోట్లాట! ఉలిక్కిపడి లేచి గడియారం చూస్తే పట్టుమని పది నిమిషాలు కూడా కాలేదు. రాత్రంతా నిద్రపోయినా గుర్తుండని కల, ఈ చిన్న కునుకులో సినిమా చూసినట్లు ఎలా కనబడింది? పైగా ఒక్కొక్కసారి ఆ కలలో చూసిన సంగతి సాయంత్రానికి నిజమై కూర్చుంటుంది కూడాను!

సికింద్రాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరిలో నా దగ్గర చదువుకునే ఒక అమ్మాయి ఇలాంటి సంగతే చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టింది. బొలారంలో ఉండే మేనత్త వచ్చి జంతికలు పెట్టినట్లు కల వచ్చింది. లేచి చూస్తే ముందు గదిలో నిజంగానే మేనత్త! "నాకు ముందే తెలిసిపోయింది మాస్టారూ!" అన్నది. మీ అత్తయ్య ఎప్పుడు వచ్చిందని అడిగాను. వచ్చి పావుగంట అయిందట. మరి ఆ పావుగంటసేపూ ముందు గదిలో మేనత్త మాట్లాడుతూనే ఉన్నది కదా!

నిద్రపోయేటప్పుడు కళ్ళకు రెప్పలు అడ్డం పడతాయి గాని చెవులకు తలుపులు లేవు. శబ్దం, వాసన, స్పర్శ మెదడుకు కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటాయి. మెదడు వాటిని కలలో కలిపేస్తుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ మోరీ 1861లో ప్రచురించిన పుస్తకంలో తన కల ఒకటి వర్ణించాడు. ఫ్రెంచి విప్లవం, న్యాయస్థానం, మరణశిక్ష, చివరకు కత్తి మెడ మీద పడటం. లేచి చూస్తే మంచం పైభాగం ఊడి అతని మెడ మీద పడి ఉన్నది! వంటింట్లో తిరగమోత వేస్తే కలలో విందు జరుగుతుంది. వీధిలో బస్సు హారను మోగితే కలలో రైలు కూస్తుంది.

ఇక కల ఎప్పుడు వస్తుందో చూద్దాం. 1953 వరకు నిద్ర అంటే మెదడు విశ్రాంతి తీసుకోవడమేనని అనుకునేవారు. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే విద్యార్థి తన ఎనిమిదేళ్ళ కొడుకు తలకు, కళ్ళ పక్కన తీగలు అంటించి, రాత్రంతా యంత్రం గీసే గీతలను గమనిస్తూ కూర్చున్నాడు. పిల్లవాడు గాఢనిద్రలో ఉండగానే, మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ వేగంగా కదలసాగాయి! అతడు, అతని ఆచార్యుడు నథానియెల్ క్లైట్‌మన్ కలిసి పెద్దవాళ్ళను కూడా పరీక్షించారు. కనుగుడ్లు కదులుతున్నప్పుడు లేపితే చాలామంది కల వస్తున్నదని చెప్పారు. ఈ నిద్రనే వైద్యులు ఆర్.ఇ.ఎమ్. నిద్ర అంటారు. మనం కనుకదలికల నిద్ర అందాం.

ఈ నిద్రలో మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత చురుకుగా ఉంటుంది. కాని ఒళ్ళు మాత్రం కదలదు. కండరాలను కదిలించే ఆజ్ఞలను మెదడు కింది భాగం ఆపేస్తుంది. అలా ఆపకపోతే కలలో పరుగెత్తేవాడు మంచం దిగి పరుగెత్తుతాడు! ఒక్కొక్కసారి మెలకువ వచ్చినా ఈ బిగింపు క్షణకాలం వదలదు. కళ్ళు తెరిచి ఉంటాయి, చెయ్యి కదలదు, గుండె మీద ఏదో కూర్చున్నట్లు ఉంటుంది. పల్లెల్లో దయ్యం పట్టి నొక్కిందనేది దీనినే.

మామూలుగా మనం పడుకున్న గంటా, గంటన్నర తరువాత గాని మొదటి కనుకదలికల నిద్ర రాదు. అదీ కొద్ది నిమిషాలే. తరువాత సుమారు తొంభై నిమిషాల కొకసారి తిరిగి వస్తూ, తెల్లవారుజాముకు అరగంట వరకు సాగుతుంది. "తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుంది" అని మన పెద్దలు అంటారే, ఆ మాటలో ఒక పరిశీలన దాగి ఉన్నది. అప్పుడు వచ్చే కలలు పొడుగైనవి; వాటి మధ్యలోనే మెలకువ వస్తుంది కాబట్టి బాగా గుర్తుంటాయి. శ్రీకృష్ణదేవరాయలు కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉండగా ఆంధ్ర మహావిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లో ఉన్నది. ఆ కల వచ్చినది రాత్రి నాలుగవ జామున. ఆ కల ఎవరి ప్రేరణ అనేది విజ్ఞానశాస్త్రం చెప్పదు. నాలుగవ జాము కలలకు అనువైన వేళ అని మాత్రం ఒప్పుకుంటుంది.

మరి పది నిమిషాల కునుకులో కల ఎలా వచ్చింది? మొదటి కారణం నిద్ర బాకీ. పరీక్షల రోజుల్లో మీరు పొద్దుపోయే దాకా చదివి నాలుగింటికే లేస్తారు. అప్పుడు నష్టపోయేది ముఖ్యంగా రాత్రి చివరి భాగం, అంటే కలల భాగమే. మెదడు ఆ బాకీ వదులుకోదు. అవకాశం దొరకగానే తొందరగా కలలోకి దూకుతుంది. రెండవది మన శరీరంలోని గడియారం. ఉదయపు వేళల్లో కనుకదలికల నిద్ర వైపు మొగ్గు ఎక్కువ. అందుచేత సాయంత్రం నాలుగింటి కునుకులో కంటె ఉదయం పదింటి కునుకులో ఆ నిద్ర ఎక్కువగా ఉంటుంది.

మూడవది ఇంకా చిత్రమైనది. నిద్రకూ మెలకువకూ మధ్య గడప ఒకటున్నది. ఆ గడప మీద ఉండగా కనుకదలికల నిద్ర లేకుండానే బొమ్మలు, మాటలు తోస్తాయి. బమ్మెర పోతన చంద్రగ్రహణం నాడు నదిలో స్నానం చేసి, ఇసుకతిన్నె మీద ధ్యానం చేస్తూ, కళ్ళు కొద్దిగా మాత్రమే తెరిచి ఉన్న స్థితిలో శ్రీరాముడు కనబడి భాగవతం తెలుగు చెయ్యమన్నాడని చెప్పుకున్నాడు. తాను నిద్రపోయానని ఆయన అనలేదు, పూర్తి మెలకువలో ఉన్నాననీ అనలేదు! బెంజీను అణువుకు వలయాకారం ఉన్నదని 1865లో చెప్పిన కెకులే కూడా, చలిమంట ముందు కునికిపాటులో తన తోకను తానే కరిచిన పామును చూశానని 1890లో ఒక సభలో చెప్పాడు. ఈ కథ నిజానిజాల గురించి చరిత్రకారుల్లో వాదాలున్నాయనుకోండి. ఏమైనా అణువుల అమరిక గురించి ఏళ్ళ తరబడి ఆలోచించినవాడు కాబట్టే ఆ పాములో అతనికి అణువు కనబడింది. మనకైతే పామే కనబడేది!

ఈ గడపను 2021లో పారిస్ పరిశోధకులు పరీక్షకు పెట్టారు. 103 మందికి లెక్కలు ఇచ్చారు. వాటిలో ఒక రహస్యమైన దగ్గరిదారి ఉన్నది. మధ్యలో ఇరవై నిమిషాలు వాలుకుర్చీలో పడుకోనిచ్చారు. మెలకువగా ఉన్నవారిలో నూటికి 30 మంది ఆ దారి కనిపెట్టారు. కనీసం పదిహేను సెకనులు తొలి నిద్రలో ఉన్నవారిలో నూటికి 83 మంది! ఇంకా లోతైన నిద్రలోకి జారినవారిలో 14 మందే.

ఇక జోస్యం సంగతి. కలలు నిజం కావడం చాలావరకు కాకతాళీయమని అరిస్టాటిల్ సుమారు 2,300 ఏళ్ళ క్రితమే రాశాడు. మనం లెక్క వేసి చూద్దాం. ఒక నగరంలో లక్ష కుటుంబాలున్నా యనుకుందాం. ప్రతి ఇంట్లో ఒకరికి, ఊళ్ళో ఉన్న తాతగారు పోయినట్లు ఏడాదికి ఒక్కసారే కల వస్తుందనుకుందాం. ఆ ఏడు 5,000 ఇళ్ళలో తాతగారు నిజంగా పోయారు. కల సరిగ్గా ఆ ముందురోజు రాత్రే రావడానికి అవకాశం 365లో ఒకటి. 5,000ను 365తో భాగించండి. దాదాపు 14 వచ్చింది కదా? ఏ మహిమా లేకుండానే పద్నాలుగు ఇళ్ళలో "నిన్ననే కల వచ్చింది" అంటారు. ఆ పద్నాలుగు కథలు నగరమంతా తిరుగుతాయి. మిగిలిన 99,986 కలలను ఎవరు చెబుతారు? ఎవరు వింటారు?

అయితే కొందరికి పగటి కునుకులూ, కలలూ ఆగకుండా వస్తాయి. ఒక తొమ్మిదవ తరగతి కుర్రవాడి సంగతి నాకు తెలుసు. రాత్రి తొమ్మిది గంటలు పడుకున్నా పగలు తరగతిలో, భోజనం ముందు, బస్సులో ఉన్నట్లుండి నిద్రపోయేవాడు. ప్రతి కునుకులోనూ కలే. పక్కింటివారి గేదె తప్పిపోతే చెరువుగట్టున కనబడిందని చెప్పాడు. అక్కడే దొరికింది. (గేదె చెరువు దగ్గర కాక ఇంకెక్కడ దొరుకుతుంది?) దానితో "నాయనా, మా వాడికి ఉద్యోగం వస్తుందా?" అని అడిగేవాళ్ళు బయలుదేరారు. బడిలో సోమరివాడని బెంచీ ఎక్కించారు. ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కట్టారు. ఒకనాడు స్నేహితుడు చెప్పిన హాస్యానికి పకపకా నవ్వుతూ మోకాళ్ళు సడలి కింద కూలబడ్డాడు. స్పృహ మాత్రం పోలేదు. ఇది విన్న వాళ్ళ మేనమామ స్నేహితుడైన ఒక డాక్టరు వెంటనే నరాల వైద్యుడి దగ్గరకు పంపాడు.

అది నార్కోలెప్సీ అనే వ్యాధి. 1880లో ఫ్రెంచి వైద్యుడు గెలినో దానికి ఆ పేరు పెట్టాడు. మెదడులో హైపోథాలమస్ అనే చోట, మనల్ని మెలకువగా నిలబెట్టే ఓరెక్సిన్ అనే రసాయనాన్ని తయారు చేసే కణాలుంటాయి. ఆ రసాయనాన్ని 1998లో కనుగొన్నారు. నవ్వితే కండరాలు సడలే రకం నార్కోలెప్సీలో ఆ కణాలు చాలావరకు నశించి ఉంటాయని 2000లో తెలిసింది. కాపలావాడు లేని ఇల్లులాగా నిద్ర ఎప్పుడంటే అప్పుడు లోపలికి వస్తుంది. వస్తూనే కలను వెంటబెట్టుకుని వస్తుంది. కల నిజమా, జరిగినది నిజమా అనే గందరగోళం కూడా వీరికి ఎక్కువ. 2014లో ప్రచురించిన ఒక పరిశోధనలో అలా పొరబడినట్లు చెప్పినవారు రోగుల్లో నూటికి 80 మందికి పైగా. ఇతరుల్లో 15 మంది.

ఈ వ్యాధి సుమారు రెండు వేల నుండి నాలుగు వేల మందిలో ఒకరికి ఉంటుంది. తరచుగా పది, ఇరవై ఏళ్ళ మధ్య, అంటే మీ వయసులోనే మొదలవుతుంది. గుర్తించడానికి చాలామందికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. పరీక్ష కష్టమైనది కాదు. ఒక రాత్రి నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి, మరునాడు రెండేసి గంటలకొకసారి నాలుగైదు కునుకులు తీయిస్తారు. సగటున ఎనిమిది నిమిషాల లోపే నిద్ర పట్టి, కనీసం రెండుసార్లు పదిహేను నిమిషాల లోపే కనుకదలికలు కనబడితే వ్యాధి ఉన్నట్లు. పూర్తిగా నయం చేసే మందు లేదు గాని, అదుపులో పెట్టే మందులున్నాయి. వాటితోపాటు వేళ ప్రకారం చిన్న కునుకులు తీయమంటారు. ఆ కుర్రవాడు ఇప్పుడు మధ్యాహ్నం భోజన విరామంలో ఇరవై నిమిషాలు ఉపాధ్యాయుల గదిలో పడుకుంటాడు. తరువాతి రెండు పీరియడ్లూ మెలకువగా ఉండి లెక్కలు చేస్తున్నాడు.