సూక్ష్మజీవుల యాకారములు

మశూచి అమ్మవారి కోపమనియు, కుష్ఠు పూర్వజన్మ పాపమనియు మన గ్రామములలో చిరకాలము నమ్మిరి. సాలూరులో కుష్ఠురోగులకై వెలసిన ఫిలడెల్ఫియా వైద్యశాలను తలచునపుడెల్ల, ఆ రోగకారణము నెరుంగుట మనకు విధియని తోచుచున్నది.

బాక్టీరియాలు ఏకకణజీవులు. వానిలో కొన్ని గోలీలవలె గుండ్రనివి, కొన్ని కడ్డీలవలె నిడుపైనవి, కొన్ని వంకరవి. చీము పుట్టించు నొక జాతి ద్రాక్షగుత్తివలె గుమిగూడును. కలరా క్రిమి కామావలె వంగియుండును. 1873లో నార్వే వైద్యుడగు హాన్సెన్ కనుగొనిన కుష్ఠుక్రిమి కడ్డీవంటిది. అనుకూలస్థితిలో పెక్కు బాక్టీరియాలు అరగంటలోనే రెండగుచుండగా, దీనికి సుమారు రెండు వారములు పట్టును. అందుచేతనే యీ వ్యాధి బయల్పడుటకు ఏండ్లు గడచును.

వైరసులు మరింత చిన్నవి; సజీవకణములోనే గాని వృద్ధిపొందవు. మశూచి వైరసు ఇటుకను బోలియుండును. టీకాలచే నది లోకమునుండి తొలగినట్లు 1980లో ప్రకటింపబడెను. కుష్ఠునకు టీకాకన్న మందులే ముఖ్యాధారము. బహుళౌషధ చికిత్స ఆరు నెలలలోనో, ఏడాదిలోనో దానిని నయముచేయును.

కావున చదువరులారా! స్పర్శలేని మచ్చ కనబడినచో దాచుకొనక వైద్యునకు జూపుడు. చికిత్స పొందుచున్నవారి సరసను గూర్చుండి భుజించుటకు వెరవకుడని మా ప్రార్థన.