పాదు అక్కడ, తీగ ఇక్కడ

ఆసుపత్రి వరండాలో పదిరోజులు కూర్చుంటే ఎంతటివాడికైనా కాస్త వైద్యం వంటబడుతుంది. నాకు మా తమ్ముడి కాలు మూలంగా వంటబట్టింది.

మోటారుసైకిలుమీద వస్తూ, ఆగివున్న లారీలోంచి పొడుచుకు వచ్చిన ఇనపకమ్మీమీద పడ్డాడు. కుడితొడ మొదట, సరిగ్గా గజ్జల్లో చీలింది. తెగిన పెద్ద రక్తనాళాన్ని ఆ రాత్రే కుట్టారు. కాలు దక్కిందనుకున్నాం. అయిదోనాడు పైచర్మం నల్లబడింది. అది తీసేస్తే, అడుగున నాళం కొట్టుకుంటూ కళ్ళకు కనిపించింది!

“అది ఎండినా, చీముపట్టినా కుట్లు విడిపోవచ్చు. విడిపోతే ఇక నిమిషాలమీద వ్యవహారం” అన్నారు ప్లాస్టిక్ సర్జన్‌గారు. ప్లాస్టిక్ సర్జరీ అంటే సినిమాతారల ముక్కులు సరిచేసే విద్య అనుకునేవాణ్ణి. మీలోనూ కొందరు అనుకుంటూ ఉండవచ్చు.

“రెండో తొడనుంచి చర్మం తీసి అంటించకూడదా?” అన్నాను, తెలిసినవాడిలా.

“అంటించే చర్మం వరినారులాంటిదండీ. పీకి నాటినచోట తడినేల ఉంటేనే బతుకుతుంది. ఈ నాళంమీద నేలేదీ? అందుకని తీగ మళ్ళిస్తాం. సొరపాదు పెరట్లోనే ఉంటుంది, తీగను పందిరిమీదికి లాగుతాం. అలాగే పక్కనున్న కండరాన్ని దాని రక్తనాళాలతోనే ఇటు తిప్పి కప్పుతాం” అన్నారు. దీన్ని ఫ్లాప్ అంటారు.

ఇది మనకు పరాయి విద్య కాదు. చెంపచర్మాన్ని తిప్పి ముక్కు చేయడం సుశ్రుతసంహితలోనే ఉంది. నుదుటి చర్మంతో ముక్కు చేసిన పుణే వైద్యం సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయింది.

తొడలో ఇలా తిప్పదగిన కండరాలు చాలా ఉన్నాయి. గాయం మరీ పెద్దదైతే తొడ ముందుపక్క చర్మాన్నే నాళంతోసహా జరుపుతారు. ఆ పద్ధతిని 1984లో చైనా వైద్యులు వివరించారు. మావాడికి ఎంచినది సార్టోరియస్. శరీరంలోకెల్లా పొడవైన కండరం. తుంటినుంచి ఏటవాలుగా మోకాలి లోపలివైపుకు దిగుతుంది. లాటిన్‌లో సార్టర్ అంటే దర్జీ. మఠం వేసుకుని కూర్చోవడానికి తోడ్పడుతుంది కనుక ఆ పేరు.

దీనితో ఒక చిక్కుంది. కొన్ని కండరాలకు ఒక్క పెద్ద నాళమే ఆధారం. దీనికి మాత్రం పొడుగునా చిన్నచిన్న నాళాలు వస్తాయి. ఎక్కువ విడదీస్తే కొస చచ్చిపోతుంది. తక్కువ విడదీస్తే గాయందాకా రాదు.

“ఉన్న గాయం చాలక బాగున్నదాన్నీ కోస్తారుట్రా?” అంది అమ్మ. మర్నాడు సర్జన్‌గారినే పట్టుకుంది. “నాయనా, వీడు పీటమీద మఠం వేసుకుని భోంచేయగలడా?”

ఆయన నవ్వలేదు. “ఆ పనికి మిగతా కండరాలూ ఉన్నాయమ్మా. కొంతకాలం పడుతుంది” అన్నారు. మావాడికేసి తిరిగి, “సిగరెట్టు ముట్టావో, ఈ సన్ననాళాలు ముడుచుకుపోతాయి” అన్నారు. వాడి రహస్యం అమ్మముందు అలా బయటపడింది.

సంతకం నేనే పెట్టాను. చెయ్యి వణికింది.

కండరం పైకొసను తుంటిదగ్గర విడదీసి, లోపలికి మళ్ళించి, నాళాన్ని కప్పి కుట్టారు. దానిమీద ఎడమతొడ చర్మం పరిచారు. నారుకు నేల దొరికిందన్నమాట. కట్టు మళ్ళీ అయిదోనాడే విప్పారు. ఈసారి లేతగులాబి రంగు.

మూడోనెలలో వాడు గోడ పట్టుకుని పీటమీద కూర్చున్నాడు. కుడికాలు మడవడానికి తంటాలు పడ్డాడు. అమ్మ నెయ్యిగిన్నె పట్టుకుని ఆ కాలువంకే చూస్తూ నిలబడిపోయింది.

“నెయ్యమ్మా” అన్నాడు వాడు.