గుర్రాల ఆశ్రయానికి ముందు కావలసింది పొడి నేల

పందేల నుంచి తప్పించినవి, పెళ్లి ఊరేగింపులకు తిరిగి తిరిగి డస్సిపోయినవి, బండి లాగలేక రోడ్డు మీద వదిలేసినవి. ఇలాంటి గుర్రాలను చేరదీసే ఆశ్రయాన్ని బాగుచేయించాలనగానే అందరి చూపూ షెడ్డు మీదికే పోతుంది. రేకులు మార్చాలి, గోడలకు రంగు వేయాలి అంటారు. నన్నడిగితే ముందు నేల సంగతి చూడమంటాను. గుర్రం రోజులో ఎక్కువసేపు నిలబడే ఉంటుంది, కునుకు కూడా చాలావరకు నిలబడే తీస్తుంది. 400 కిలోల బరువు నాలుగు డెక్కల మీద మోసే ప్రాణికి కాలి కింద తడి ఆరకపోతే, పైకప్పు ఎంత గట్టిగా ఉన్నా ఒరిగేదేమీ లేదు.

వానలు పడ్డాక ఆవరణంతా ఒకేలా పాడవదు. గేటు దగ్గర, నీటి తొట్టి చుట్టూ, మేత వేసే చోట, చూరు నీళ్లు పడే చోట ముందుగా బురద అవుతుంది. గుర్రాలు అక్కడే గుమిగూడతాయి. డెక్కల తొక్కిడికి మట్టి పిండి అవుతుంది, అందులో లద్దె కలుస్తుంది. లద్దె నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి నాలుగు రోజులు ఎండ కాసినా ఆ చోటు ఆరదు. అందులోనే నిలబడ్డ గుర్రానికి డెక్క అడుగున ఉండే మెత్తటి భాగం కుళ్లుతుంది. నల్లటి జిగురు కారుతుంది, దగ్గరికి వెళ్లలేనంత కంపు కొడుతుంది. పశువైద్యులు దీన్ని థ్రష్ అంటారు. గాలి తగలని చోట పెరిగే సూక్ష్మజీవుల పని ఇది. మందు పూయడం అవసరమే, కానీ నేల మారకపోతే మళ్లీ వస్తుంది.

బాగుచేసే పని వాన పడుతున్నప్పుడే మొదలుపెట్టాలి. గొడుగు పట్టుకుని ఆవరణంతా తిరిగి నీరు ఎటు నుంచి వస్తోందో, ఎక్కడ నిలుస్తోందో గుర్తు పెట్టుకోవాలి. పైనుంచి వచ్చే నీటిని ఎగువనే కాలువ తీసి పక్కకు మళ్లించాలి. చూరుకు తొట్టి గొట్టాలు బిగించి ఆ నీటిని దూరంగా వదలాలి. వానలు తగ్గాక లద్దె కలిసిన పై మట్టిని గట్టి నేల తగిలేదాకా తీసేయాలి. ఈ పని చేయకుండా కంకర పోస్తే అది నెలల్లో బురదలోకి దిగిపోతుంది. నల్లరేగడి అయితే మరీ త్వరగా దిగుతుంది. అలాంటి చోట రోడ్ల పనుల్లో వాడే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద అర అడుగు కంకర వేసి దిమ్మిస చేసి, పైన మూడు నాలుగు అంగుళాల మొరం గానీ రాతిపొడి గానీ పరిచి అణచాలి. నూరు అడుగులకు ఒకటి రెండు అడుగుల వాలు ఉంటే నీరు నిలవదు. డబ్బు చాలకపోతే ముందు చెప్పిన నాలుగు చోట్ల చేయించినా చాలా మార్పు కనిపిస్తుంది.

బురద మీద ఊక, గడ్డి, రంపపు పొట్టు చల్లడం చాలాచోట్ల అలవాటు. రెండు రోజులు బాగానే ఉంటుంది. తర్వాత అవి కుళ్లి బురదను ఇంకా లోతు చేస్తాయి. ఇసుక నేల మీద మేత వేయడమూ మంచిది కాదు. మేతతో పాటు లోపలికి పోయిన ఇసుక పేగుల్లో పేరుకుని ప్రాణాంతకమైన కడుపునొప్పి తెస్తుంది. మేతను తొట్టిలోనే పెట్టాలి.

ఇక రోజువారీ పని. ఒక గుర్రం రోజుకు సుమారు 20 కిలోల లద్దె వేస్తుంది. పది గుర్రాలుంటే నెలకు ఆరు టన్నులు! దాన్ని ఏ రోజుకారోజు ఎత్తకపోతే ఈగలు ముసురుతాయి. ఎండాకాలంలో గుడ్డు ఈగ కావడానికి పది రోజులైనా పట్టదు. మేసే బీడులో వారానికి రెండుసార్లు లద్దె ఏరేస్తే పేగు పురుగుల బెడద తగ్గుతుంది, ఎందుకంటే వాటి పిల్లలు లద్దె నుంచే గడ్డి మీదికి పాకుతాయి. ఎత్తిన లద్దెను బావికి దూరంగా కుప్ప వేసి తిరగేస్తూ ఉంటే లోపలి వేడి 55 డిగ్రీలు దాటుతుంది, గుడ్లూ పురుగులూ చస్తాయి. రైతులు అడిగి తీసుకెళ్లే ఎరువు అవుతుంది. పాకలో వాసన చూడాలంటే నిలబడి కాదు, గుర్రం పడుకున్నప్పుడు దాని ముక్కు ఉండే ఎత్తుకు వంగి చూడాలి. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా కళ్లు మండిస్తే గుర్రం ఊపిరితిత్తులకూ అదే బాధ. సున్నం చల్లితే పోతుందనుకుంటారు గానీ, సున్నం అమ్మోనియాను మరింత వెళ్లగొడుతుంది. తడిసిన పరుపు తీసేయడమే మార్గం.

ఆవరణ అందంగా ఉంటుందని గన్నేరు నాటేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. గుప్పెడు ఆకులు గుర్రం గుండెను ఆపేయగలవు. కత్తిరించి పడేసిన ఎండు కొమ్మల్లోనూ విషం అలాగే ఉంటుంది. పచ్చగన్నేరూ అంతే. ముళ్లతీగ కంచె కూడా తీసేయాలి. బెదిరిన గుర్రం చూసుకోకుండా పరిగెత్తి దానికి చీరుకుపోతుంది. మరమ్మతులు ముగిశాక తాడు కట్టిన పెద్ద అయస్కాంతాన్ని నేలంతా లాగించి మేకులు ఏరించాలి. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా సోకుతుంది, ఆ జబ్బు క్రిములు మట్టిలోనూ లద్దెలోనూ ఉంటాయి. టీకా తప్పనిసరి.

స్థలం ఎంత ఇరుకైనా, కొత్తగా వచ్చే గుర్రానికి మిగతావాటికి దూరంగా ఒక మూల, సొంత నీటి తొట్టి కేటాయించాలి. గ్లాండర్స్ అనే జబ్బు ఉమ్మడి తొట్టి నీళ్ల ద్వారా పాకుతుంది, మనుషులకూ వస్తుంది. మన దేశంలో అది ఖాయమైన గుర్రాన్ని చట్టప్రకారం చంపేయాల్సిందే. అందుకే రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ మూల గుర్రానికి వాడిన బకెట్టు, దువ్వెన, పార మరో గుర్రం దగ్గరికి తీసుకెళ్లకూడదు.