తిండి తెలిసినదైతే ఇంగ్లిష్ సులువు

'ప్రోటీన్ శరీరాన్ని నిర్మిస్తుంది' అని ఇంగ్లిష్‌లో రాసిన వాక్యాన్ని మూడో తరగతి పిల్లలకు ఇస్తే బట్టీ పడతారు. పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. ఆ ప్రోటీన్ తాము మధ్యాహ్నం తిన్న పప్పులోనే ఉందని మాత్రం చాలామందికి తెలియదు. భాషా కొత్తదై, విషయమూ కొత్తదైతే పసివాళ్లు రెంటినీ మోయలేరు. ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలకు ఆరోగ్యం, పోషకాహారం మీద పుస్తకాలు ఎంచేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

ఎరిక్ కార్ల్ 1969లో అమెరికాలో వెలువరించిన 'ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' చూడండి. ఆకలి మీదున్న గొంగళిపురుగు సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు పియర్ పళ్లు, అలా శుక్రవారానికి ఐదు నారింజలు తింటుంది. వాక్యం తీరు ఒకటే. వారం, అంకె, పండు మారతాయి. కాసేపటికి పిల్లలే టీచరు కంటే ముందు అందుకుంటారు. పేజీల్లో పండ్లకు నిజంగానే చిల్లులుంటాయి, వేలు దూర్చి లెక్కపెట్టవచ్చు. శనివారం కేకు, ఐస్‌క్రీమ్, సాసేజ్, లాలీపాప్ అన్నీ మింగి పురుగు కడుపునొప్పి తెచ్చుకుంటుంది. మర్నాడు ఒక పచ్చని ఆకు తిన్నాక కుదుటపడుతుంది. ఉపదేశం ఒక్క ముక్క లేదు, విషయం మాత్రం బుర్రకెక్కుతుంది.

అయితే పియర్, ప్లమ్ మన పల్లెల్లో ఎంతమంది పిల్లలు తిని ఉంటారు? అందుకే కథ అయ్యాక అదే వాక్యంలో జామ, అరటి, సీతాఫలం పెట్టి చెప్పించాలి. పోషకాల్లోనూ లోటు లేదు: 100 గ్రాముల జామలో విటమిన్ సి సుమారు 200 మిల్లీగ్రాములు, ఆపిల్‌లో పది కూడా ఉండదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన 'మై ప్లేట్ ఫర్ ది డే' బొమ్మ కూడా తరగతి గోడకు తగినదే. అందులో సగం పళ్లెం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు. మిగతా సగంలో ధాన్యాలు, పప్పులు, గుడ్లు, పాల పదార్థాలు, గింజలు. బడి భోజనం వడ్డించాక తమ పళ్లెంలో ఏముందో పిల్లలు ఆ బొమ్మ చూస్తూ ఇంగ్లిష్‌లో చెబితే, ఆ పూట పాఠం అయినట్టే.

డబ్బు పెట్టలేని బడులకూ దారి ఉంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచి తెలుగు, ఇంగ్లిష్ కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. ముందు తెలుగులో చదివించి, తర్వాత అదే కథ ఇంగ్లిష్‌లో ఇవ్వండి. కొనే పుస్తకమైతే, కొనేముందు ఒక పేజీ పిల్లల చేత చదివించండి. అందులోని తిండిలో ఒక్కటీ వాళ్లు గుర్తుపట్టకపోతే, ఆ పుస్తకాన్ని పై తరగతికి వదిలేయండి.