తాటాకు పెండ్లికూతురు

వేసవి సెలవులనగానే పిల్లలకు ప్రయాణము గుర్తునకు వచ్చును. గృహిణికి పచ్చళ్ల జాడీలు గుర్తునకు వచ్చును. బడిపంతులు భార్యకు మాత్రము పద్దుపుస్తకము గుర్తునకు వచ్చును. మావారు పనిచేయు ప్రైవేటు పాఠశాలలో పిల్లలకు సెలవులిచ్చిన రెండు నెలలకును ఉపాధ్యాయులకు జీతమియ్యరు. ఈ యేడు ఇంటికప్పు బాగుచేయించుటతో చేతనున్నది కాస్తయు వ్యయమైనది. అందుచేత సింహాచలమునకు చందనోత్సవము చూడబోవుదమని పిల్లలకు ఏడాదినుండి చెప్పుచు వచ్చిన మాట నిలుపుకొనలేకపోయితిమి. చందనపు పూత లేని స్వామి నిజరూపదర్శనము అక్షయతృతీయ యొక్కనాడే లభించును. తప్పినచో మరల సంవత్సరము వేచియుండవలెను. మా యమ్మాయికి పదునొకండేండ్లు. సంగతి చెప్పగా విని ఊరకుండెను. ఏడ్చినచో నాకు సులువుగా నుండెడిది.

ప్రయాణము లేకున్నను విద్యయైనను కలుగునుగదాయని నేనొక యుపాయము పన్నితిని. నేను బడికి పోయి చదివినదానను గాను. మా తండ్రిగారి ప్రక్కన పీటవేసికొని కూర్చుండి అమరకోశము వల్లించినదానను. ఆ అతిశయము నాలో నింకను కొంత మిగిలియున్నది. ప్రతిదినమును ఉదయమున పది శ్లోకములు అప్పగించవలెనని అమ్మాయికి నియమము పెట్టితిని. రెండు దినములు జరిగినది. మూడవనాడు అది పుస్తకము మూసి, "అమ్మా, సెలవులు కూడ బడియేనా?" అనెను. నేను కోపపడితిని. అది మధ్యాహ్నము అన్నమునకు లేవలేదు. మావారు అంతయు విని, "పదినెలలు బడి నేను నడుపుచునే యున్నాను, ఈ రెండు నెలలైనను నీవు మూసియుంచుము" అనిరి. ఆయన హాస్యమునకే అనినను నాకు తగులవలసినచోటనే తగిలినది.

ఇంటిలో మౌనముగా నుండువారు మరియొకరును గలరు. మా అత్తగారికి డెబ్బది దాటినవి. రెండు కన్నులను శుక్లములు క్రమ్మినవి. ఆపరేషను ఏ కాలమందైనను చేయవచ్చునని వైద్యుడు చెప్పినను, ఎండలు తగ్గిన పిమ్మట చూతమని ఆమె పట్టుపట్టిరి. ఆ పట్టునకు ఎండ కారణమో నా పద్దుపుస్తకము కారణమో నేనెరుగుదును. కాపురమునకు వచ్చినది మొదలు ప్రతిసాయంకాలమును ఆమె పోతనగారి భాగవతము కొంత చదివి గాని దీపము ముట్టించెడివారు కారు. నిరుడు కార్తికము తరువాత ఆ పుస్తకము విప్పలేదు. కత్తిపీట దగ్గరకు పోవలదనియు, పొయ్యి దగ్గరకు రావలదనియు నేను, "మీరు కూర్చోండి అత్తయ్యగారూ" అని పదిసారులు చెప్పుచుంటిని. మర్యాదయని నేననుకొన్నది ఆమెకు శిక్షగా నుండెనని అప్పుడు నాకు తోచలేదు.

అక్షయతృతీయ నాడు వాకిట చలువపందిరికై తాటాకులు వచ్చినవి. వానితోబాటు లేత యాకు ఒకటి పడియుండెను. మా అత్తగారు దాని వాసన పట్టినట్లు అరుగుమీదనుండి, "లేతాకు ఉన్నదటే? ఇట్లు తెమ్ము" అని అమ్మాయిని పిలిచిరి. అది ముఖము ముడుచుకొనియే తెచ్చి యిచ్చెను. ఆమె ఈనెనుండి రేకులను చీల్చి, వెడల్పైనదానిని నడిమికి మడిచి, మడత కొనను ముడివేసి తల చేసిరి; వేరొక రేకును అడ్డముగా దూర్చి చేతులు చేసిరి; క్రిందిభాగమును గోటితో సన్నసన్నగా చీల్చి కుచ్చెళ్లు పోసిరి. ఒక్కసారియైనను తడవుకొనలేదు. ఆ చేతులకు కన్నులతో పనిలేదు. చూచుచుండగనే పెండ్లికూతురు తయారైనది. "దీనికి పెండ్లికొడుకో మామ్మా?" అని అమ్మాయి అడిగినది. వారము దినములలో అది ఇంటిలో పలికిన మొదటి పూర్తిమాట అదియే.

వైశాఖపూర్ణిమకు లగ్నము కుదిరినది. అటుపిమ్మట మా యింట తీరికయన్నది లేదు. మాది కోనసీమ. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి మా పొలములకును చెరువులకును గోదావరి కాలువలే ప్రాణము. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. నీరు మరల వచ్చునది జూన్ నెలలోనే. ఎండిన ఆ కాలువ యడుగు పిల్లలకు నిధి. అక్కడినుండి నత్తగుల్లలు, ఆల్చిప్పలు, బంకమట్టి మోసికొని వచ్చి పెండ్లివారికి పొయ్యిలు, పళ్లెములు, ఒక నూయి కూడ చేసిరి. పెరటి మల్లెమొగ్గలు నా జడకు దక్కలేదు. అన్నియు తాటాకు పెండ్లికూతురి పూలజడకే పోయినవి. పిచ్చుకలకు మూకుడులో నీళ్లు పోయు పనిని మా చిన్నవానికి అప్పగించితిమి; వాడు పిచ్చుకలను కూడ పెండ్లికి పిలిచెను.

ఆవకాయయు ఆ వారముననే పెట్టితిమి. దాని విధానము మీకు చెప్పుట తాతకు దగ్గులు నేర్పుటయే యగును గనుక విడిచిపెట్టుచున్నాను. ఒక్కమాట మాత్రము చెప్పవలెను. కాయలు తుడుచుట పిల్లలకిచ్చి, ఉప్పు చూచుట ఈసారి మా అత్తగారికే విడిచితిని. మూడవనాడు తిరుగగలుపునప్పుడు ఆమె వ్రేలితో నాలుకపై రాచికొని, "గుప్పెడు తక్కువ" అనిరి. నిజముగానే తక్కువ.

ఇక శుభలేఖ సంగతి. పద్యము లేని శుభలేఖ యేమిటని మా అమ్మాయికి తోచినది. నేను పిలువకయే నా యొద్దకు వచ్చి, "అమ్మా, పద్యమెట్లు కట్టుదురు?" అని యడిగెను. అమరకోశమును గూర్చి నేను నోరెత్తలేదని మనవి చేయుచున్నాను. ఆటవెలది చెప్పుదమని, గురువునకు చింతగింజను, లఘువునకు పెసరగింజను పెట్టితిని. చింతగింజ ప్రక్క నొక పెసరగింజ యైనను, మూడు పెసరగింజలైనను సూర్యగణము; ఇంద్రగణములు ఆరు. మొదటి పాదమునకును మూడవ పాదమునకును మూడు సూర్యగణములు, రెండింద్రగణములు; తక్కిన రెండు పాదములకును అయిదేసి సూర్యగణములు. అరుగుమీద నాలుగు వరుసలలో గింజలు పేర్చి, వానికి మాటలు వెదకుటలో మూడు మధ్యాహ్నములు గడచినవి. ఒకనాడు మూడవ పాదములో రెండు లఘువులు తక్కువైనవి. ఎంత లెక్కించినను కుదురలేదు. విచారింపగా మా చిన్నవాడు వానిని నోట వేసికొనినట్లు తేలినది. ఆ పద్యమును మీకు చూపవలెనని నాకున్నను, రెండవ పాదములో యతి సరిగా పడలేదని కవయిత్రి ఒప్పుకొనలేదు.

శుభలేఖలను కాగితముమీద గాక తాటాకుమీదనే వ్రాయవలెనని మా అత్తగారి యాజ్ఞ. ఎండిన రేకులపై మేకుతో అక్షరములు గీసి, దీపపుమసి రుద్ది తుడిచినచో గీతలలో నలుపు నిలిచి వ్రాత తేలును. నాలుగు మూలలను పసుపు పూసితిమి. అచ్చుయంత్రము రాకపూర్వము మన కావ్యములన్నియు ఈ ఆకుమీదనే బ్రదికినవి. తంజావూరి సరస్వతీమహలులో నేటికిని అట్టి తెలుగు తాళపత్రములు భద్రముగా నున్నవి. నిడుపుగా గట్టిగా గీసినచో ఆకు చీలును. మన అక్షరములు గుండ్రన తిరుగుటకు అదియు నొక కారణమందురు. మా అమ్మాయి మూడు రేకులు చీల్చుకొని ఆ మాటను తనంతట తాను తెలిసికొనెను.

పూర్ణిమ సాయంకాలము విద్యుత్తు పోయినది. ఎవ్వరును విసుగుకొనలేదు, వెన్నెల పందిరిచిల్లులనుండి దిగుచుండెను. ఇరుగుపొరుగు పిల్లలు ఇరువదిమంది చేరి, ఆడపెండ్లివారు, మగపెండ్లివారు అని రెండు పక్షములైరి. పళ్లెములే వాద్యములు. మగపెండ్లివారి పెద్ద, పదేండ్లవాడు, పీటలమీద పెండ్లికొడుకును కూర్చుండబెట్టకమునుపే, "మావానికి మోటారుసైకిలు పెట్టవలెను" అనెను. అందరును నవ్విరి. మా అత్తగారు నవ్వలేదు. "కట్నమడిగినవారికి పానకము లేదు" అనిరి. పానకపు బిందె ఆమె ప్రక్కనే యుండుటచేత బేరము వెంటనే తీరిపోయినది. కట్నమును నిషేధించు చట్టము 1961లో వచ్చినది. అయినను ఆ మాట ఆ పసివాని నోటికి ఎవరి యింటి ముచ్చటలనుండి వచ్చెనో పెద్దలమైన మనము ఆలోచించుకొనవలెను.

తలంబ్రాలైన తరువాత రుక్మిణీకల్యాణము చదువవలెనని అనుకొంటిమి. మా అత్తగారికి అది కంఠస్థమే. పెండ్లికాని దినములలో తల్లి చెంత కూర్చుండి చదివినదట. కన్నులు మూసికొని మొదలుపెట్టిరి. పిల్లలు సద్దుమణిగిరి. అయిదారు పద్యములు ధారగా నడచినవి. తరువాత ఒక పద్యము నడుమ స్వరము ఆగినది. వెనుకకు పోయి మరల ఎత్తుకొనిరి; అక్కడనే ఆగినది. ఆమె చేయి అలవాటుచొప్పున ఒడిలో పుస్తకమునకై తడవుకొని, ఖాళీగా మోకాలిమీద వ్రాలినది. ఆ పద్యము నాకును రాదు. శాస్త్రములు చదివితినని గర్వించుదానను, ఒక్క మాట అందీయలేక గుమ్మమునానుకొని నిలుచుంటిని.

అమ్మాయి లేచి లోనికి పోయెను. దీపమును, భాగవతమును తెచ్చి మామ్మ ప్రక్కన కూర్చుండి పుటలు త్రిప్పెను. పోతనగారి పద్యము పదునొకండేండ్ల బిడ్డకు సులభమా? సమాసము నడుమ ఊపిరి చాలక విరిచెను; ఒత్తులు కొన్ని మ్రింగెను. "అట్లు కాదే, ఆ రెండుమాటలు కలిపి చదువుము" అని మా అత్తగారు చెవితోనే దిద్దుచు వచ్చిరి. మరచిన పాదము రాగానే ఆమె ముఖము విప్పారినది. మనుమరాలి గొంతుతో గొంతు కలిపిరి. అక్కడినుండి కల్యాణాంతమువరకు ఇరువురును కలిసియే చదివిరి. చిన్నపిల్లలు కొందరు అప్పటికే చాపలమీద నిద్రపోయియుండిరి.

నాటినుండి సాయంకాలపు చదువు మరల మొదలైనది. ఇప్పుడు రోహిణికార్తె. ఎండ నిప్పులు చెరుగుచున్నది. ఉదయమున పోసిన మామిడితాండ్ర పొర సాయంకాలమునకే ఆరిపోవుచున్నది. తాటాకు పెండ్లికూతురు పచ్చదనము పోయి గోధుమవన్నె తిరిగి, పెండ్లికొడుకుతో గూడ దేవుని గూటిలో నిలుచున్నది. గజేంద్రమోక్షము సగమైనది. నిన్న అమ్మాయి ఏనుగు ఇంకను మొసలి పట్టులో నుండగనే చదువుట నిలిపి, పుటల నడుమ నెమలియీక పెట్టి పుస్తకము మూసెను. "ఇక్కడినుండి నీవే చదువవలెను మామ్మా. నేను విందును" అనెను. మా అత్తగారు, "అంతవరకు ఆ ఏనుగును నీళ్లలోనే ఉంచెదవటే?" అనిరి.

రాత్రి భోజనములైన పిమ్మట ఆమె మావారిని పిలిచి, ఆపరేషనుకు ఏ తేదీ యిత్తురో వైద్యుని అడిగిరమ్మని చెప్పిరి. నేను పద్దుపుస్తకము తీసి, తక్కిన ఖర్చులన్నిటికిని పైన ఆ పద్దు వ్రాసితిని.