పైమన్ను అమ్మితే ఆకు ఎక్కడిది?

కోలారు, శిడ్లఘట్ట వైపు మన మల్బరీ తోటల్లో ఒక గుంత తవ్వి చూడండి. పైన జానెడు మన్ను కొంచెం నల్లగా, గుల్లగా ఉంటుంది. పేడ, రాలిన ఆకు కుళ్ళి కలిసేది, వానపాములు తిరిగేది ఇక్కడే. దాని కింద ఎర్ర బంకమన్ను, వాన నీళ్ళు పైనుంచి దింపిన సన్న మట్టి. ఆ ఎరుపు ఇనుము తుప్పుదే. ఇంకా కిందికి పోతే గరుసు, అడుగున బండ. ఆ బండే ఎండకూ వానకూ పగిలి పగిలి ఇదంతా అయింది. అంగుళం పైమన్నుకే వందల ఏండ్లు పడుతుంది.

ఇటుక బట్టీలవాళ్ళు అడిగేది ఈ పై పొరలనే. లోడుకింత అని డబ్బులిస్తారు, నిజమే. మిగిలిన గరుసులో ఆకు పలచబడుతుంది, ఆ ఆకు తిన్న పురుగు గూడూ పలచగానే కడుతుంది.

చేను చదును చేయించినప్పుడు మేము పైమన్ను ముందు ఒక పక్కకు కుప్ప పోయించి, కింద సరిచేసినాక మళ్ళీ పైన పరిపించినాము. జేసీబీ బాడుగ కొంచెం ఎక్కువైంది, అంతే.