ఫుట్‌బాల్ క్రీడలో రక్షణ పంక్తి

ఫుట్‌బాల్ క్రీడలో గోలు చేసినవాని పేరు మైదానమంతటా మారుమ్రోగుతుంది. గోలు కాకుండా ఆపినవాని పేరు చాలమందికి గుర్తైనా ఉండదు. అయినా జట్టు బలాబలాలను తేల్చేది దాని రక్షణ పంక్తియే. అది ఎట్లా రూపొందిందో, దానిని పటిష్ఠం చేసుకొనే మార్గాలేవో సంగ్రహంగా పరిశీలిద్దాం.

పూర్వం జట్టుకు ఇద్దరే బ్యాకులు. ముందుకు సాగిన ఫార్వర్డుకు బంతి అందించే వేళ అతనికీ గోలు గీతకూ నడుమ ముగ్గురు ప్రత్యర్థులుండాలని ఆఫ్‌సైడ్ నిబంధన. కనుక ఇద్దరు బ్యాకులతోనే పని జరిగేది. 1925లో ఆ సంఖ్యను ఇద్దరికి తగ్గించగానే గోల్సు పెరిగాయి. అప్పుడు ఆర్సెనల్ మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ సెంటర్ హాఫును వెనుకకు రప్పించి మూడవ బ్యాకుగా నిలిపాడు.

మన దేశంలో పాత పద్ధతే చాలకాలం కొనసాగింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనపై 10-1తో గెలిచింది. మన వారిలో పలువురు బూట్లు లేకుండా ఆడడం ఒక లోపం. ఇద్దరు బ్యాకుల నడుమ ఖాళీ మరొకటి. జట్టు శిక్షకులు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు, స్వయంగా ఉపాధ్యాయులు. ఆ తరువాత మన జట్టు ముగ్గురు బ్యాకుల పద్ధతికి మారింది. 1956 మెల్‌బోర్న్ సెమీఫైనల్‌లో అదే యుగోస్లావియాను మన వారు తొలి అర్ధభాగమంతా గోలు చేయనీయలేదు. చివరికి 4-1తో ఓడినా వ్యత్యాసం సుస్పష్టం.

1962 జకార్తా ఆసియా క్రీడలలో బ్యాకు జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. రహీం గారు ఆయనను ఫార్వర్డుగా ఆడించారు. ఫైనల్‌లో దక్షిణ కొరియాపై 2-1తో నెగ్గినప్పుడు రెండవ గోలు ఆయనదే. వెనుక ఆయన లేకున్నా పంక్తి చెదరలేదు. పంక్తి అంటే ఒక వ్యక్తి కాదు, ఒక అమరిక అనడానికి ఇదే నిదర్శనం.

ఇక సాధన విషయం. బంతితో దూసుకువచ్చే ఫార్వర్డుపై తొందరపడి కాలు వేయరాదు. తప్పితే అతనికి దారి ఇచ్చినట్లే. అతనికీ గోలుకూ నడుమ నిలిచి, మెల్లగా వెనుకకు జరుగుతూ, మైదానపు అంచువైపు మళ్లించాలి. ఈ ఆలస్యంలో హాఫ్‌బ్యాకులు తిరిగి వస్తారు. రెండవ బ్యాకు కొన్ని గజాలు వెనుకగా, ఏటవాలుగా నిలవాలి. మొదటివాడు తప్పితే అతడు అందుకుంటాడు. ముందుకు జరిగేటప్పుడు అందరూ ఒక్కసారిగా కదలాలి. ఒక్కడు వెనుకబడినా ప్రత్యర్థి ఆఫ్‌సైడ్ నుండి తప్పించుకుంటాడు. మైదానమంతా కనిపించే గోల్‌కీపరు బిగ్గరగా హెచ్చరిస్తూండాలి. ఇదంతా పోటీకి ముందురోజు నేర్చుకొనేది కాదు; నలుగురూ కలిసి నెలల తరబడి అభ్యసించవలసినది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. బహుమతులు ఎక్కువగా గోల్సు లెక్క చూసి ఇవ్వబడుతున్నాయి. ఉత్తమ బ్యాకుకు కూడ ఒక బహుమతి ఏర్పరచితే, వెనుక నిలిచి ఆడడానికి మన విద్యార్థులు సంతోషంగా ముందుకు వస్తారు.